సిరీస్ వస్తే ఏమొస్తుంది?

రహమత్ నగర్‌లో మా వరసలో పక్కపక్క ఇళ్లవి. ఒక ఇంట్లో మావయ్య, ఇంకో ఇంట్లో మేనకోడలు. మావయ్య సినిమాల్లో లైట్‌మ్యాన్‌గా జీవితమంతా పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. సొంతూరు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. మేనకోడలు ఇక్కడే పుట్టి పెరిగింది. కాలేజీ రోజుల్లో లీగ్ క్రికెట్ ఆడింది, ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పీఈటీ. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ గెలిచాక ఇద్దరి మధ్య ఒక వాదన మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. విదేశీ మహిళల జట్టు వన్డేలకో టీ20లకో మన దేశం వచ్చినప్పుడు ఆ సిరీస్‌ను హైదరాబాద్‌కు తెప్పించుకోవడమే మన మొదటి పనా, కాదా అన్నది వాళ్ల తగువు. ఆడపిల్లలు ఆడాలని ఇద్దరికీ ఉంది. అందుకే ఈ తగువు వినబుద్ధేసింది. వేర్వేరు సాయంత్రాల్లో నేను విన్న మాటలను ఒకచోట చేర్చి రాస్తున్నాను.

మావయ్య: ప్రపంచకప్‌కి ఏ ఊళ్లు ఎంచారో చూశావా అమ్మాయ్? గువాహటి, ఇండోర్, విశాఖ, నవీ ముంబై, అటు కొలంబో. హైదరాబాద్ ఏదీ? మిథాలీ రాజ్ ఆట నేర్చుకున్న ఊరు కదా ఇది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు ముంబై, ఢిల్లీ, బెంగళూరు, అహ్మదాబాద్, లక్నో పేర్ల మీద జట్లు అమ్మారు. అందులోనూ మన పేరు లేదు. ఇంత పెద్ద ఊరు, ఉప్పల్‌లో అంత స్టేడియం, మన ఆడపిల్లలకు టీవీయే గతి. ముందు ఇక్కడికి సిరీస్ రావాలి. ఆ తర్వాతే మిగతావన్నీ.

మేనకోడలు: ఇక్కడికి రాకేం మావయ్యా, మీకంటే ముందే వచ్చింది. మహిళల ప్రపంచకప్ మన దేశంలో మొదటిసారి జరిగింది 1978లో. ఆడినవి నాలుగే జట్లు: ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్, న్యూజిలాండ్, మనం. మొత్తం ఆరు మ్యాచ్‌లు. ఆ ఆరింట్లో చివరిది, కప్పు ఎవరిదో తేల్చింది, జనవరి 13న మన లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. ఇంగ్లాండ్ 50 ఓవర్లు ఆడి 8 వికెట్లకు 96 పరుగులు చేస్తే ఆస్ట్రేలియా ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచి కప్పు పట్టుకెళ్లింది.

మావయ్య: ఫతే మైదాన్‌లోనా? నేనింకా ఈ ఊరే రాలేదప్పటికి.

మేనకోడలు: అవును, బషీర్‌బాగ్ నడిబొడ్డున. 1997లో మళ్లీ ప్రపంచకప్ మన దేశానికొస్తే హైదరాబాద్‌లో మళ్లీ మ్యాచ్‌లు పెట్టారు. ఆ డిసెంబరు 14న ఆస్ట్రేలియా ఇక్కడే పాకిస్తాన్‌ను 27 పరుగులకు ఆలౌట్ చేసింది. అంటే ప్రపంచస్థాయి ఆడవాళ్ల క్రికెట్ ఈ ఊరికి కొత్త కాదు. రెండుసార్లు వచ్చింది, వెళ్లింది. మరి రహమత్ నగర్‌లో ఒక ఆడపిల్ల బ్యాటు పట్టుకుని బయటికొస్తే ఎక్కడికెళ్లాలి? సిరీస్ వస్తే ఏమొస్తుంది మావయ్యా? మూడు రోజులు జనం వస్తారు. నాలుగో రోజు స్టేడియానికి తాళం పడుతుంది.

మావయ్య: అప్పుడు మ్యాచ్‌లు వచ్చాయి సరే, చూసిందెవరు? పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు వేస్తే ఎక్కువ. నేను లైట్లు మోసిన మనిషిని. వెలుతురు లేని చోట కెమెరాకు ఏం కనబడుతుందో నాకు తెలుసు. ఆట ఎంత గొప్పదైనా సరే, కనబడితేనే కదా ఎవరికైనా ఆశ పుట్టేది. నువ్వు చెప్పిన 1997కీ ఇప్పటికీ అక్కడే తేడా.

మేనకోడలు: మరి 1997లోనే ఇంకో సంగతి ఉంది. మిథాలీకి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ ప్రపంచకప్‌కి ప్రాబబుల్స్‌లో ఆమె పేరుంది, జట్టులో చోటు దొరకలేదు. తన ఊళ్లోనే ప్రపంచకప్ మ్యాచ్‌లు జరుగుతుంటే ఆ పిల్ల జట్టు బయట ఉండిపోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 1999 జూన్ 26న ఇంగ్లాండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లాండ్ మీద మొదటి వన్డే ఆడి 114 నాటౌట్ కొట్టింది. ఆమెను తయారుచేసింది ఇక్కడికొచ్చిన ఆస్ట్రేలియానా? కాదు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ కోచింగ్ క్యాంపులో జ్యోతి ప్రసాద్ గారు ఆ పిల్ల బ్యాటు పట్టిన తీరు చూసి ఆగారు. తర్వాత సంపత్ కుమార్ గారు గంటలకు గంటలు నెట్స్‌లో నిలబెట్టారు. అన్నయ్యతో పాటు క్యాంపుకి వెళ్లిన పిల్లను ఎవరూ గేటు దగ్గర ఆపలేదు. మిథాలీ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

మావయ్య: ఒక్క మిథాలీని చూపించి…

మేనకోడలు: ఒక్కరే కాదు. గొంగడి త్రిష ఉంది కదా. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా మీద మూడు వికెట్లు తీసి, తర్వాత 44 నాటౌట్‌గా నిలబడింది. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, 7 వికెట్లు. స్కాట్లాండ్ మీద కొట్టిన 110 ఆ ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి సెంచరీ. ఆ పిల్లది భద్రాచలం. ఆమె ఆట కోసం కుటుంబమే సికింద్రాబాద్‌కి మకాం మార్చింది. శిక్షణ ఎక్కడో తెలుసా? మిథాలీ నేర్చుకున్న ఆ సెయింట్ జాన్స్‌లోనే. పాతికేళ్ల ఎడంలో ఇద్దరు, ఒకే నెట్స్. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అలాంటివి ఊరికి పది ఉంటే?

(ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఆ మాటలో బలముందని నాకూ అనిపించింది. ఒక ఇల్లు ఊరే మారితే తప్ప ఆడపిల్ల ఆట సాగలేదంటే, మారలేని ఇళ్లలో ఎంతమంది మిగిలిపోయి ఉంటారో ఆలోచించాలి.)

మావయ్య: సరే, నేను కళ్లారా చూసింది చెబుతా విను. 2016 నవంబరు. ఎనిమిదో తారీఖు రాత్రి పెద్దనోట్లు రద్దన్నారు. నేను ఇంటి పత్రాల పని మీద ఇబ్రహీంపట్నంలో ఉన్నా. పదో తారీఖున బ్యాంకులు తెరిచారు, క్యూ రోడ్డు దాకా వచ్చింది. మా బావమరిది, 'మూలపాడులో వెస్టిండీస్ ఆడవాళ్లు వన్డే ఆడుతున్నారట, వస్తావా' అన్నాడు. క్యూ వదిలేసి వెళ్లిపోయాం. కొండపల్లి కొండల పక్కన మైదానం. అటు చూస్తే కొండలు, ఇటు చూస్తే పొలాలు. అక్కడ వెస్టిండీస్ జట్టు! ఎలాంటి జట్టనుకున్నావ్? ఆ ఏప్రిల్‌లోనే కోల్‌కతాలో ఆస్ట్రేలియాను ఓడించి టీ20 ప్రపంచకప్ గెలిచినవాళ్లు. కెప్టెన్ స్టెఫనీ టేలర్. ఇటు మన కెప్టెన్ మిథాలీ.

మేనకోడలు: ఆ సిరీస్ మొత్తం మూలపాడులోనే కదా?

మావయ్య: ఆ. మూడు వన్డేలు, మూడు టీ20లు, అన్నీ అక్కడే. వన్డేలు మూడూ మనం గెలిచాం. టీ20లు మూడూ వాళ్లు గెలిచారు. అవే జట్లు, అదే మైదానం, పది పన్నెండు రోజుల్లో. యాభై ఓవర్లు నిలబడి ఆడటంలో మిథాలీ వాళ్లు పైచేయి. ఇరవై ఓవర్లలో బాదడం మొదలుపెడితే వాళ్లకు మనం ఆనలేదు. బౌండరీ దగ్గర నిలబడ్డ ఒక పొడుగుపిల్ల బంతిని అందుకుని విసిరితే కీపర్ చేతిలో నేరుగా పడింది, మధ్యలో ఒక్కసారి కూడా నేలకు తగల్లేదు. నా పక్కన పొలం పని మధ్యలో వచ్చిన ఆడవాళ్లు తలగుడ్డలు కూడా విప్పలేదు. అందులో ఒకావిడ, 'ఆ పిల్లకి పెళ్లయిందా?' అని అడిగింది. 'తెలీదమ్మా' అన్నా. 'చెయ్యి భలే ఉంది' అంది. ఆ తర్వాత ఇంక పెళ్లి మాట ఎత్తలేదు, మ్యాచ్ అయ్యేదాకా ఆ పిల్ల చెయ్యినే చూస్తూ కూర్చుంది. టీవీ ముందు ఇలా జరుగుతుందా చెప్పు?

మేనకోడలు: జరగదు. ఒప్పుకుంటా.

మావయ్య: పైగా అది ఉత్తుత్తి సిరీస్ కాదు. అప్పట్లో ఐసీసీ మహిళల ఛాంపియన్‌షిప్ అని పెట్టారు. ఎనిమిది జట్లు, ప్రతి జట్టూ మిగతా ఏడింటితోనూ మూడేసి వన్డేలు ఆడాలి. పైన నిలిచిన నాలుగు జట్లకు 2017 ప్రపంచకప్‌లో నేరుగా చోటు. మూలపాడులో మనకొచ్చింది ఆరు పాయింట్లు.

మేనకోడలు: అయినా మనం ఐదో స్థానంలో ఆగాం. పాకిస్తాన్‌తో ఆడాల్సిన మూడు వన్డేలు జరగలేదు, ఆ పాయింట్లు వాళ్లకు పోయాయి. 2017 ఫిబ్రవరిలో కొలంబో వెళ్లి క్వాలిఫయర్ ఆడి, ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద ఆఖరి బంతికి గెలిచాం. అక్కడినుంచి లార్డ్స్ ఫైనల్ దాకా వెళ్లి ఇంగ్లాండ్ మీద 9 పరుగుల తేడాతో ఓడిపోయాం. మ్యాచ్‌ల లెక్క నాకూ తెలుసు మావయ్యా. ఒక్కటి చెప్పండి, ఆ మూలపాడులో మ్యాచ్ చూసిన పిల్లలు తర్వాత ఎక్కడ ఆడారు?

మావయ్య: …మా అన్న మనవరాలు ఉంది. అది కూడా వచ్చింది ఆ రోజు. ఇంటికెళ్లగానే బ్యాటు కావాలంది. విజయవాడలో కొనిచ్చా.

మేనకోడలు: ఆడిందా?

మావయ్య: కొన్నాళ్లు తమ్ముడితో సందులో ఆడింది. తోడు ఇంకో ఆడపిల్ల లేదు, నేర్పేవాళ్లు లేరు. బ్యాటు అటక మీదుంది.

మేనకోడలు: నేను చెప్పేది ఆ బ్యాటు గురించే. మీరు దానికి ఆశ చూపించారు. ఆ ఆశతో మర్నాడు పొద్దున ఎక్కడికి వెళ్లాలో చూపించలేదు. మన బస్తీలోనే చూడండి. యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర్‌రెడ్డి స్టేడియం ఉంది, కానీ అది ఇండోర్. షటిల్ ఆడొచ్చు, లెదర్ బంతితో క్రికెట్ ఆడలేం. కృష్ణకాంత్ పార్కులో నడుచుకోవచ్చు. ఎక్కడైనా నాలుగు గజాలు ఖాళీ దొరికితే తెల్లారేసరికి మగపిల్లలు వికెట్లు పాతేస్తారు. నేను లీగ్ ఆడే రోజుల్లో ఒక క్లబ్బు మైదానంలో మాకు పొద్దున ఏడింటికి స్లాట్ ఇచ్చి, ఎనిమిదింటికి అబ్బాయిల ప్రాక్టీస్ ఉందని లేపేసేవాళ్లు. బట్టలు మార్చుకునే గది లేదు. బాత్రూమ్‌కి తాళం. నీళ్లు తక్కువ తాగి ఆడేవాళ్లం, బయటికి వెళ్లాల్సి వస్తుందని. మే నెలలో!

(ఈ మాట ఆమె చాలా మామూలుగా చెప్పింది. ఆడపిల్లల ఆట ఎందుకు ఆగిపోతుందని పెద్ద పెద్ద కారణాలు వెతుకుతాం. మైదానం పక్కన తాళం లేని ఒక బాత్రూమ్ ఉంటే సగం కారణాలు పోతాయని నేను నమ్ముతున్నాను.)

మావయ్య: ఇది చాలా అన్యాయం. ఎవరూ కాదనరు.

మేనకోడలు: బంతి సంగతి చెప్పనా? ఆడవాళ్ల క్రికెట్ బంతి బరువు 140 నుంచి 151 గ్రాములు. మగవాళ్లది 156 నుంచి 163. చెప్పుకోడానికి పది పదిహేను గ్రాములే, కానీ పన్నెండేళ్ల పిల్ల వేళ్లకు అదే పెద్ద తేడా. సైజు కూడా కొంచెం చిన్నది. మా బడి పిల్లలకు కొందామని షాపుకెళితే, 'లేడీస్ బాల్ అని వేరే ఉంటుందా మేడమ్' అన్నాడు. మగవాళ్ల బంతితోనే నేర్పిస్తున్నా. మా దగ్గర ఎడమచేతి స్పిన్ వేసే పిల్ల ఒకతి ఉంది, తొమ్మిదో తరగతి. చూపుడువేలు సీమ్ మీద ఆనించి, భుజం పూర్తిగా తిప్పి వదిలితే బంతి గాల్లో ఆగినట్టు ఆగి కిందికి దిగుతుంది. ఆ పెద్ద బంతి మీద వేలు సరిగ్గా పట్టదు, సీమ్ దగ్గర చర్మం లేచిపోయేది. గుడ్డ చుట్టుకుని వేసేది. దాని అమ్మ నాలుగిళ్లలో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి ప్రాక్టీస్ అంటే తమ్ముణ్ని బడికి తయారుచేసేది ఎవరు? రెండు నెలలుగా రావడం లేదు.

మావయ్య: ఎడమచేతి స్పిన్ అన్నావు కదా. అదే మన ఇండియా జట్టులో చరణి వేసేది.

మేనకోడలు: అందుకే కదా నాకింత బాధ.

మావయ్య: ఆ చరణి దగ్గరికే వద్దాం. కడప జిల్లా ఎర్రమల్లె నుంచి వచ్చిన పిల్ల. 2025 ఏప్రిల్‌లో మొదటి వన్డే ఆడింది. జూన్‌లో ఇంగ్లాండ్ టూర్‌కి వెళ్లి నాటింగ్‌హామ్‌లో మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. ఐదు మ్యాచ్‌ల సిరీస్ మనం 3-2తో గెలిచాం, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ ఆ పిల్లే. నాలుగు నెలల్లో ప్రపంచకప్. టూర్ అనేది లేకపోతే ఆ పిల్ల సంగతి ప్రపంచానికి తెలిసేదా? అక్టోబరు 12న విశాఖలో ఆస్ట్రేలియాతో మ్యాచ్ గుర్తుందా?

మేనకోడలు: ఎలా మర్చిపోతా? మనం 330 కొట్టాం. వాళ్ల హీలీ 142 బాదింది. వాళ్లు 331 ఛేదించేశారు.

మావయ్య: అంత బాదుడులో చరణి పది ఓవర్లు వేసి 41 పరుగులే ఇచ్చి మూడు వికెట్లు తీసింది. ఆ రోజే ఆ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ పేరు పెట్టారు. ఒక గేటుకి రావి కల్పన పేరు పెట్టారు. కల్పన ఎవరు? మా కృష్ణా జిల్లా పిల్ల, వికెట్ కీపర్, మన దేశానికి ఏడు వన్డేలు ఆడింది. ఆ గేటు మీద పేరు చదివి ఒక తండ్రి కూతురికి ఆమె ఎవరో చెబుతాడు కదా! మ్యాచ్ లేకపోతే ఆ గేటు దగ్గరికి ఎవరొస్తారు? మీరు మైదానం మైదానం అంటారు. పిల్లను మైదానానికి పంపాల్సింది ఎవరు? ఇంట్లోవాళ్లు. ఇంట్లోవాళ్ల మనసు ఎవరు మార్చాలి? మన బస్తీలో ఉన్నది డ్రైవర్లు, టైలర్లు, మాలాగా సినిమా కార్మికులు. వాళ్లకు కోచింగ్ క్యాంపు అంటే ఖర్చు, ఎండ, సాయంత్రం చీకటి పడ్డాక వచ్చే పిల్ల. నీ స్పిన్నర్ పిల్ల తల్లిని నువ్వు వంద మాటలు చెప్పి ఒప్పించలేకపోయావు. ఒక్కసారి ఉప్పల్ తీసుకెళ్లి, నలభై వేల మంది ఒక ఆడపిల్ల బౌలింగ్‌కి లేచి నిలబడటం చూపించు.

మేనకోడలు: నలభై వేల మంది వస్తారా?

మావయ్య: 2022 డిసెంబరు 11న నవీ ముంబైలో రాలేదా? ఆస్ట్రేలియా జట్టు ఐదు టీ20లు ఆడటానికి వచ్చింది. రెండో మ్యాచ్‌కి నలభై అయిదు వేలకు పైగా జనం. టై అయింది, సూపర్ ఓవర్‌లో మనం గెలిచాం. మనవాళ్లు జెండా పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు. తర్వాత నెలలో ప్రీమియర్ లీగ్ జట్లు వేలానికి పెడితే ఐదింటికీ కలిపి 4,669.99 కోట్లు వచ్చాయి. జనం ఉన్నారని కళ్లతో చూశాకే డబ్బున్నవాళ్లు ముందుకొచ్చారని నా నమ్మకం.

మేనకోడలు: ఆ మ్యాచ్‌కి ప్రవేశం ఉచితం మావయ్యా. అది మర్చిపోవద్దు.

మావయ్య: నేనూ అదే అడుగుతున్నా! ఉచితంగా పెట్టమనే. ప్రపంచకప్‌కి 100 రూపాయల నుంచి టికెట్లు అమ్మారు. మనకు ఉప్పల్ ఎంత దూరం? యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేదు, నేరుగా స్టేడియం స్టేషన్‌లో దిగుతాం. ఒక బస్తీ మొత్తాన్ని తీసుకెళ్లొచ్చు.

మేనకోడలు: డబ్బు సంగతి మీరెత్తారు కాబట్టి చెబుతా. 2005లో మన జట్టు దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. కెప్టెన్ మిథాలీ. అప్పట్లో తమకు మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారని ఆమే చెప్పారు. ఆడవాళ్ల క్రికెట్ అప్పటికింకా బీసీసీఐ కిందికి రాలేదు, 2006లో కలిసింది. 2022 అక్టోబరులో వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు అని మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు చేశారు. చాలా మంచి పని, చేతులెత్తి మొక్కుతా. కానీ ఆ సమానత్వం ఎక్కడ మొదలవుతోంది? ఇండియా జెర్సీ వేసుకున్నాక. వేసుకోకముందు పదేళ్లు, పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, మగపిల్లాడికి ఉన్నది ఆడపిల్లకు లేదు. ఆ వయసులోనే మానేస్తారు. మానేసిన పిల్లకు ఏ సిరీసూ ఏమీ చెయ్యలేదు.

మావయ్య: మా సినిమావాళ్లదీ తప్పుంది. ఇంతమందిమి ఇక్కడుండి, కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఇన్ని ఆఫీసులుండి, ఆడవాళ్ల క్రికెట్ మీద గుర్తుండేలా తీసింది 2019లో 'కౌసల్య కృష్ణమూర్తి'. అదీ తమిళంలోంచి తెచ్చుకున్న కథ. రైతు కూతురు ఇండియాకు ఆడే కథని తెలుగులో చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి, అది వేరే సంగతి. మిథాలీ మీద సినిమా తీసింది హిందీవాళ్లు, 2022లో. మన ఊళ్లో పెరిగిన మనిషి కథ మనం తీసుకోలేకపోయాం. జూబ్లీహిల్స్‌లో ఒక్క నిర్మాత అయినా ఆ పని నెత్తిన వేసుకోవాల్సింది.

మేనకోడలు: సినిమా తీస్తే మంచిదే. షూటింగ్‌కి వేసిన పిచ్ షూటింగ్ అయ్యాక పీకకుండా ఉంచితే ఇంకా మంచిది.

మావయ్య: సరే. నువ్వే చెప్పు. రేపు బోర్డువాళ్లు ఫోన్ చేసి, 'ఇంగ్లాండ్ మహిళల జట్టు వస్తోంది, మూడు వన్డేలు హైదరాబాద్‌కిస్తాం' అంటే వద్దంటావా?

మేనకోడలు: వద్దని ఎలా అంటా? ఎవరికంటే ముందు నేనే వెళ్లి కూర్చుంటా. కాకపోతే ఊరికే తీసుకోవద్దంటా. షరతు పెడతా.

మావయ్య: ఏం షరతు?

మేనకోడలు: మ్యాచ్‌కి ముందు రెండు జట్లూ నెట్స్‌లో ప్రాక్టీస్ చేస్తాయి కదా. అందులో ఒక పూట ఆడపిల్లల కోసం గేటు తియ్యాలి. రహమత్ నగర్, బోరబండ, యూసుఫ్‌గూడ, అలాగే పాతబస్తీ, మల్కాజ్‌గిరి బడుల్లో ఆడుతున్న పిల్లల్ని తీసుకురావాలి. దూరంనుంచి చెయ్యి ఊపడం కాదు, నెట్ పక్కన నిలబడి చూడాలి. స్పిన్నర్ బంతి ఎలా పట్టుకుంటుందో అడగాలి. నాలుగు బంతులు వేసి చూపించాలి. అలాంటి టీమ్‌కి నా తొమ్మిదో తరగతి పిల్ల ఒక్క ఓవర్ వేసిందనుకోండి, దాని తల్లికి నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు.

మావయ్య: భేషుగ్గా ఉంది. ఇంకా?

మేనకోడలు: మ్యాచ్ మీద వచ్చిన డబ్బులో కొంత తీసి, బస్తీల్లో ఉన్న మైదానాల్లో ఆడపిల్లలకని వారానికి మూడు పూటలు కేటాయించాలి. కేటాయించిన పూట మగపిల్లలకు ఇవ్వకూడదు, ఎంత పెద్దమనిషి ఫోన్ చేసినా సరే. సిమెంట్ పిచ్, దాని మీద మ్యాట్, రెండు నెట్లు, ఆడవాళ్ల బంతులు, తాళం లేని బాత్రూమ్, ఒక మహిళా కోచ్. పొద్దున కాదు, సాయంత్రం బడి వదిలాక, చీకటి పడకముందు. తమ్ముణ్ని బడికి పంపాల్సిన పిల్ల కూడా రాగలగాలి.

మావయ్య: ఇది జరగాలంటే సిరీస్ రావాలి కదా మరి. సిరీస్ పేరు చెప్తేనే ఆఫీసర్లు కదులుతారు. ఉత్తి మైదానం కావాలని నువ్వు అర్జీ పెడితే ఏళ్ల తరబడి ఆ ఫైలు కదలదు.

మేనకోడలు: సిరీస్ రాకపోతే మైదానం అడగకూడదా? వచ్చేదాకా ఆ పిల్ల ఆగుతుందా? ఇప్పుడు తొమ్మిది, వచ్చే ఏడాది పది. ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత సంబంధాలు. మీరు బోర్డు ఫోన్ కోసం చూడండి. నేను రేపే కార్పొరేటర్ ఆఫీసుకి వెళతా.

మావయ్య: పద, నేనూ వస్తా. యూనియన్‌లో నాకు తెలిసినవాళ్లున్నారు. కానీ ఉప్పల్ మాట నేను వదలను.

మేనకోడలు: మీరు వదలొద్దు మావయ్యా. నేను బాత్రూమ్ మాట వదలను.

వాళ్ల వాదన అంతవరకు వచ్చి ఆగింది. నా మాటా చెప్పాలి. నేను మేనకోడలి పక్షం. మావయ్య చెప్పిన మూలపాడు మ్యాచ్‌నే తీసుకున్నా, ఆ రోజు పుట్టిన ఆశ అటక మీద బ్యాటు దగ్గర ఆగింది. మిథాలీ, త్రిష దగ్గర మాత్రం ఆగలేదు, ఎందుకంటే వాళ్లకు రోజూ వెళ్లడానికి ఒక నెట్, వాళ్ల పేరు తెలిసిన ఒక కోచ్ ఉన్నారు. అయితే బస్తీలో పిల్లను గడప దాటించేది మావయ్య అడిగే ఆ మ్యాచే కావొచ్చన్నది కూడా కొట్టిపారేయలేని మాట. అందుకే హైదరాబాద్ క్రికెట్ పెద్దలకు నా విన్నపం ఇది: విదేశీ మహిళల జట్టు ఆడే తర్వాతి సిరీస్‌లో కనీసం ఒక్క మ్యాచ్ అయినా ఈ ఊరికి అడగండి, ఉప్పల్ వీలుకాకపోతే సికింద్రాబాద్ జింఖానాకైనా సరే. అడిగేటప్పుడు ఆ నెట్స్ షరతు కూడా కలిపి అడగండి.

రహమత్ నగర్, యూసుఫ్‌గూడ, బోరబండల్లో ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో మాట. మీ పిల్ల బ్యాటు అడిగితే కొనివ్వండి, కొనిచ్చి అక్కడితో ఆగకండి. పక్కింట్లో, ఎదురింట్లో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్ని కలపండి. ఒక్క పిల్ల మైదానం అడిగితే ఎవరూ వినరు. పదిమంది పిల్లలు, పదిమంది తల్లులు కలిసి కార్పొరేటర్ ఆఫీసు మెట్లెక్కితే వినక తప్పదు. మేనకోడలు వెళ్లే రోజు నేనూ వెళుతున్నాను. మీరూ రండి.